తిరగేసి కుట్టిన దీవి

దీవి,
రేవు పక్క మేడగది.

అక్కకు నీ అత్తిపత్తి రాసేది.

నీ ఉత్తరం నిన్నటి లాంచీలో వచ్చింది. పెళ్ళై వచ్చి ఇన్ని నెలలైనా దీవి గురించి ఒక్క ముక్క రాయలేదని తిట్టావు. "గైడు పెళ్ళానివి, రోజుకో చోట తిరుగుతుంటావు, ఇక అక్కెందుకు గుర్తుంటుంది" అన్నావు. మరిచిపోవడం కాదక్కా. రాద్దామని కూర్చుంటే చెయ్యి సాగదు. నాలుగు తరగతులు చదివిన చేతికి కలం కంటే సూదే తేలిక.

సరే, రాస్తున్నాను. తిట్టకుండా చదువు.

లాంచీ దిగి టికెట్ల గది దాటితే యాత్రికుల బస్సు నిలబడి ఉంటుంది. దానికి పక్కగోడలు లేవు, పైన కప్పు మాత్రమే. దీవికి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే రోడ్డు. ఆ రోడ్డు మీద మొదట వచ్చేది కోట.

ఈ దీవిని మొదట కనిపెట్టింది దాహం. దారి తప్పిన ఓడ ఒకటి మంచినీళ్ళ కోసం ఇక్కడ ఆగింది. కడుపు నిండా నీళ్ళు తాగి తల పైకెత్తితే చుట్టూ లవంగాల వాసన. దాహం తీరింది, ఆశ పుట్టింది. మళ్ళీ వచ్చినప్పుడు ఫిరంగులతో వచ్చారు, కోట కట్టారు. ఆ కోట గోడ మీద దళపతి భార్య రోజూ సాయంత్రం ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేది, తనను పుట్టింటికి తీసుకుపోయే ఓడ కోసం. ఒకరోజు ఓడ కనబడింది. ఆగకుండా వెళ్ళిపోయింది. ఆవిడ గోడ దిగలేదక్కా, దూకింది.

కోట దాటితే లవంగాల తోట. ఆ తరవాత పాత జైలు, పైకప్పు పోయింది కానీ కిటికీలకు ఊచలున్నాయి. తరవాత గుట్ట మీద దీపస్తంభం. చిట్టచివర ఇసుక, పిండిలాంటి ఇసుక. అక్కడ సముద్రానికి ఏడు రంగులు, ఏడూ నీలాలే. అడుగున అద్దం ఉన్న పడవలో కూర్చుంటే కాళ్ళ కింద చేపలు గుంపులు గుంపులుగా పోతుంటాయి.

నేను బాగున్నాను. బావగారికి నమస్కారాలు. ఇక్కడ గాలి ఎప్పుడూ ఆగదు. తలుపు గొళ్ళెం కూడా ఊరికే ఉండదు.

నీ అత్తిపత్తి


ఇల్లు,
కుట్టుమిషను ముందు నుంచి.

అత్తిపత్తికి అక్క దీవెనలు, వాటి వెనకాలే రెండు మొట్టికాయలు.

ఇంత రాయడం వచ్చినదానివి ఇన్నాళ్ళూ "ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను" అని గీకి నన్ను ఏడిపించావా! నీ ఉత్తరం షాపులో పైకి చదివాను. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ఎత్తిన చేతులు దించకుండా విన్నారు. దళపతి పెళ్ళాం దూకిన చోట పక్కింటి పిన్ని కళ్ళు తుడుచుకుంది. "అంత పెద్ద కోటలో ఉండి కూడా ఏం రోగమమ్మా ఆవిడకి" అని మీ బావ అన్నాడు. "కోటలో ఉంది కాబట్టే రోగం" అని నలుగురం మీద పడ్డాం.

నేను మాత్రం లోపల పొంగిపోయాను. ఈ సంబంధం నేను తెచ్చినప్పుడు ఎంతమంది మూతులు తిప్పారో నీకు తెలుసు. "నోట్లో నాలుక లేని పిల్లను నీళ్ళ అవతలికి తోలేస్తావా" అన్నారు. "పిల్లాడికి మాటలే వృత్తి, దాని వంతు కూడా అతనే మాట్లాడతాడు, పైగా కోటలో పనిచేసిన కుటుంబం" అన్నాను. ఆ తిప్పిన మూతులే ఇవాళ నా షాపులో తెరుచుకుని వింటున్నాయి.

ఒక పని చెయ్యి. ఏది ఎటుందో తెలియడం లేదంటున్నారు వీళ్ళు. బొమ్మ వెయ్యడం నీకు రాదు, కుట్టడం వచ్చు. ఒక గుడ్డ మీద దీవిని కుట్టి పంపు. షాపులో అద్దం పైన తగిలిస్తాను.

మరిది ఇంట్లో కూడా అంత బాగా మాట్లాడతాడా? అది రాయలేదు నువ్వు.

అక్క


దీవి,
మేడగది.

అక్కకు,

గుడ్డ పంపుతున్నాను. చినిగిన దుప్పట్లో బాగున్న ముక్క చూసి కోశాను. కింద రేవు. నట్టనడుమ గొలుసుకుట్టు వేసింది రోడ్డు. రేవు నుంచి పైకి వెళ్తుంటే కుడిపక్క కోట, ఎడమపక్క తోట, మళ్ళీ కుడిన జైలు, ఎడమన దీపస్తంభం. పైన తెల్లగా వదిలేసింది ఇసుక. సముద్రానికి ఏడు నీలాలు బజారులో దొరకలేదు, మూడే దొరికాయి. మిగతా నాలుగూ ఉన్నాయనుకోమని పిన్నికి చెప్పు.

ఆయన గురించి అడిగావు. మాట్లాడతారక్కా. పొద్దున్నే కిటికీ పక్క అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ ఆ రోజు బస్సులో చెప్పేదంతా ఒకసారి చెప్పుకుంటారు. దాన్ని పాఠం అంటారు. ముసలి గైడు దగ్గర నేర్చుకున్నది, ఒక్క మాట అటూ ఇటూ కాకూడదట. "ఇటు చూడండి" అని ఒక చెయ్యి చాపుతారు, "ఇక ఇటు" అని రెండో చెయ్యి. బస్సులో ఎలా చాపుతారో అచ్చం అలాగే. సబ్బు నురగ అద్దం మీద చిందుతుంది. నేను వెనకాల పొయ్యి దగ్గర నిలబడి వింటాను. దళపతి భార్య గోడ చివరికి వచ్చే చోట ఆయన గొంతు తగ్గిస్తారు. నాకు రోజూ అక్కడే టీ పొంగిపోతుంది.

పాఠం అయ్యాక మొహం కడుక్కుని, "టీ" అంటారు. అదీ మాటే కదా.

సాయంత్రానికి గొంతు బొంగురుపోయి వస్తారు. సంతలో అంతా అమ్మేసి ఖాళీ బుట్టతో వచ్చినవాళ్ళలా ఉంటారు. తప్పుగా అనుకోకు, మనిషి మంచివారు. చేపలో ముల్లు తీసి ముక్క నా పళ్ళెంలో వేస్తారు, ఏమీ అనకుండానే.

నీ అత్తిపత్తి


ఇల్లు,
షాపు మూసి రాస్తున్నాను.

అత్తిపత్తీ,

గుడ్డ అందింది. తగిలించాను. తగిలించిన మర్నాడు ఏం జరిగిందో చెప్తాను, తొందరపడకుండా చదువు.

ఓడల్లో వంట చేసి మానేసిన పెద్దాయన ఒకడు ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వస్తుంటాడు. నీ గుడ్డ ముందు నిలబడి తల ఇటు వంచి, అటు వంచి చూశాడు.

"ఏమ్మా, ఇది ఏ దీవి?"

"మా చెల్లెలుండే దీవి బాబాయ్."

"అదైతే నేను చాలాసార్లు దిగాను. రేవు నుంచి నడిస్తే కోట ఎడంచేతి పక్కనుండాలే!"

"ఓడ వంటింట్లోంచి చూస్తే అలాగే కనబడుతుందిలే."

"వంటింటికీ కిటికీ ఉంటుంది తల్లీ. ఆ కోట నీడలో కూరగాయలు బేరమాడినవాణ్ణి. మీ చెల్లెలు కోటను రోడ్డు దాటించేసిందే! దళపతి ఊరుకున్నాడా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరి కుట్టైనా తిరగేసి వెనక చూడడం నాకు అలవాటు కదా, దారం ముడి ఎలా వేశావో చూద్దామని గుడ్డ దించి తిప్పాను.

"ఆఁ! ఇదిగో, ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నాడు పెద్దాయన.

నా నవ్వు ఆగిపోయింది. ఒక్కటి తప్పితే పొరపాటనుకుంటాం. అన్నీ తప్పాయి, అన్నీ ఒకేలా తప్పాయి. కోట, తోట, జైలు, దీపస్తంభం.

పొద్దస్తమానం మనుషులను ఎదురుగా నిలబెట్టి కొలిచేదాన్ని. నా కుడి వాళ్ళకు ఎడమ అని నాకు ఒకరు చెప్పాలా? మరిది బస్సులో జనం వైపు మొహం పెట్టి నిలబడతాడు. అతను కుడిచెయ్యి చాపితే జనానికి అది ఎడమ. నువ్వు ఆ జనంలో కూర్చుని చూసుంటే కోటను ఎడమకే కుట్టేదానివి. నువ్వు అతని వెనక నుంచి కుట్టావు. పొయ్యి దగ్గర నిలబడి.

నిజం చెప్పు. నువ్వు ఆ బస్సు ఎప్పుడైనా ఎక్కావా?

అక్క


దీవి.

అక్కకు,

గుడ్డ తొందరలో కుట్టాను. చీకటిగా కూడా ఉంది. ఆ పెద్దాయన దిగి చాలా ఏళ్ళై ఉంటుంది, ఆయనకే గుర్తు తప్పిందేమో.

బావగారి దగ్గు తగ్గిందా? పిన్నిని అడిగానని చెప్పు. ఇవాళ గాలి మరీ ఎక్కువగా ఉంది, దండెం మీద ఆరేసినవి మూడుసార్లు కిందపడ్డాయి. లాంచీ వెళ్ళిపోతుందని ముగిస్తున్నాను.

నీ అత్తిపత్తి


ఇల్లు.

అత్తిపత్తీ,

నేనడిగింది ఒకటి, నువ్వు రాసింది బావగారి దగ్గు. మీ బావకు దగ్గే లేదు.

నీ చిన్నప్పుడు కుండ పగలగొట్టి, అడిగితే "పిల్లి ఎంత తెల్లగా ఉందో" అనేదానివి. ఇదీ అంతే. నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసిపోయింది. ఊరూరి జనానికీ దీవి చూపించేవాడు కట్టుకున్నదాన్ని గదిలో పెట్టాడు. ఇందుకేనా నేను నలుగురితో పోట్లాడి ఈ సంబంధం చేసింది?

వానలకు ముందే వస్తున్నాను. వచ్చేటప్పుడు ఒక టికెట్టు కొంటాను, పోయేటప్పుడు రెండు. పెట్టె సర్దుకుని ఉంచు.

అక్క


దీవి,
మేడగది.

అక్కా,

ఎక్కలేదు.

లాంచీ దిగిన రోజు ఆయన పెట్టె మోస్తూ ముందు నడుస్తుంటే ఆయన మడమలు చూస్తూ ఈ మెట్లెక్కాను. ఆ తరవాత రేవు బజారు దాకా పోతాను, కావలసింది వేలితో చూపిస్తాను, తల దించుకుని వస్తాను. అంతే నేను చూసిన దీవి. మా కిటికీలోంచి టికెట్ల గది రేకుల కప్పు కనబడుతుంది. దాని అవతల రెండు గిడ్డంగులు. వాటి మధ్య చీర అంచంత నీళ్ళు. ఆ అంచు ఒక్కో పూట ఒక్కో రంగులో ఉంటుంది, అది మాత్రం నేను చూసి రాసిందే.

వచ్చిన కొత్తలో అడిగాను. "సీట్లు నిండిపోయాయి" అన్నారు. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ అడిగాను. "రద్దీ తగ్గనీ" అన్నారు. రద్దీ తగ్గాక "ఖాళీ బస్సు తిప్పరు" అన్నారు. ఆ మాట అనేటప్పుడు నా మొహం చూడలేదు. ఇంకోసారి అడిగే నోరు నాకు లేదు, నీకు తెలుసు కదా.

నీకెందుకు అబద్ధం రాశానంటే, నువ్వు అందరి ముందూ ఇచ్చిన మాట పోకూడదని. ఒకసారి రాశాక నాకే బాగుంది. రాసినంతసేపూ తిరిగొచ్చినట్టే ఉంది.

కూర్చోలేకపోతున్నానక్కా. గిన్నెలు తోమినవే తోముతాను. ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతాను. దళపతి భార్యకు నడవడానికి గోడ పొడవైనా ఉంది.

దీవి చూడలేదని కాదు నా బాధ. కింద బస్సులో మైకు పెట్టగానే ఆయన గొంతు మారిపోతుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళతో నవ్వుతారు, నవ్విస్తారు. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడి వింటాను. ఆ మనిషితోనే కదా నాకు పెళ్ళైంది అనుకుంటాను. సాయంత్రం ఆయనే మెట్లెక్కి వస్తారు, కానీ ఆ గొంతు రాదు.

నువ్వు రాకు. వస్తే నీతో వచ్చేస్తానేమోనని భయంగా ఉంది.

నీ అత్తిపత్తి


ఇల్లు,
మిషను ఆపి.

చిట్టితల్లీ,

రావద్దంటే ఆగే అక్కనా నేను? వచ్చి తీరతాను. కానీ నీ చివరి మాట చదివాక చేతిలో కుట్టు అలాగే వదిలేసి కూర్చున్నాను. "వచ్చేస్తానేమోనని భయం" అంది కానీ, "తీసుకుపో" అనలేదే ఇది, అనుకున్నాను. కోపంలో నేను రెండు టికెట్లూ కొనేశాను నా మనసులో. నిన్ను అడగనే లేదు. పెళ్ళప్పుడూ అంతే చేశాను కదా.

ఈసారి నువ్వే చెప్పు. చెప్పే ముందు ఒక పని చెయ్యాలి. అతన్ని అడగడానికి నోరు లేకపోతే అడగకు. టికెట్టు కొనడానికి నోరెందుకు? వేలు చూపిస్తే ఇస్తారు. కొనుక్కుని, పరాయిదానిలా ఆ బస్సులో కూర్చో. ఏం చేస్తాడు, దింపేస్తాడా? దింపితే ఆ మాటే నాకు రాయి, మిగతాది నేను చూసుకుంటాను.

చూశాక కూడా వచ్చెయ్యాలనిపిస్తే వచ్చెయ్. ఎవరి మూతి ఎటు తిరిగినా నాకు లెక్క లేదు. చూడకుండా మాత్రం రాకు. చూడకుండా అక్కడ ఉండనూ ఉండకు.

గుడ్డ తిప్పి పంపుతున్నాను. పిన్ని అద్దం పైన ఖాళీ చూసి ఏదీ ఏదీ అంటోంది. ఉతకడానికి తీశానని చెప్పాను. అబద్ధాల్లో అక్కాచెల్లెళ్ళం ఒకటే.

అక్క


దీవి,
మేడగది, కిటికీ తెరిచే ఉంది.

అక్కా,

ఎక్కాను.

నీ ఉత్తరం వచ్చాక కూడా చాలా రోజులు మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. చివరికి ఒక పొద్దున, ఆయన కిందికి దిగిన కాసేపటికి, ఆకుపచ్చ చీర కట్టుకుని దిగాను. టికెట్లాయన రోజూ మా కిటికీ కిందే కూర్చునే మనిషి, నన్ను గుర్తుపట్టలేదు. "ఎంతమందమ్మా?" అన్నాడు. ఒక వేలు చూపించాను. నువ్వన్నది నిజమే, నోరు అక్కర్లేకపోయింది.

ఆఖరి వరసలో కుడి మూల కూర్చున్నాను. పక్కన టోపీ పెట్టుకున్న ముసలావిడ. ఒళ్ళో సంచి నిండా అరటిపళ్ళు.

ఆయన ఎక్కారు. డ్రైవరుకు వీపు పెట్టి, మా అందరి వైపు తిరిగి మైకు తీసుకున్నారు. నవ్వు మొహంతో ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగిపోయారు. మైకు కీచుమంది. బస్సు కదిలింది. 

"ఈ దీవిని మొదట కనిపెట్టింది..." అన్నారు. ఆగారు. మళ్ళీ "ఈ దీవిని మొదట కనిపెట్టింది..." అన్నారు. అంతే. రోజూ సబ్బు నురగలోంచి కూడా ఆగకుండా వచ్చే మాట.

"ఎవరు బాబూ? చెబుతావా, మమ్మల్నే కనిపెట్టమంటావా?" అన్నాడు ముందు వరసాయన. అందరూ నవ్వారు.

"దాహం" అన్నాను.

నేనే అక్కా. నా నోరే. అందరూ వెనక్కి తిరిగి చూశారు. సీటు కిందికి దూరిపోవాలనిపించింది. కానీ ఆయనకు దారం దొరికింది. "దాహం" అని అందుకుని సాగిపోయారు.

తరవాత "ఇటు చూడండి, కోట" అని కుడిచెయ్యి చాపారు. బస్సులో తలలన్నీ ఎడమకు తిరిగాయి. నా తల ఒక్కటే కుడికి తిరిగింది. నేను కుట్టిన దీవిలో కోట కుడికే కదా ఉంది.

ఆ వైపు ఏముందో తెలుసా? గొయ్యి. చెరువంత వెడల్పు, మెట్లు మెట్లుగా కోసిన రాతి గొయ్యి. అడుగున నీళ్ళు. మెట్ల నిండా తెల్లటి దుప్పట్లు పరిచి ఉన్నాయి, వాటి మధ్య మోకాళ్ళ దాకా తడిసిన ఆడవాళ్ళు. ఇద్దరు ఒక దుప్పటిని చెరో కొసా పట్టుకుని పిండుతున్నారు. నేను అటే చూస్తుండిపోయాను. తల తిప్పి కోట చూశాను, మళ్ళీ గొయ్యి చూశాను. అదే రాయి, అదే నలుపు.

"ఇటున్నది ఏమిటి?" అన్నాను. నాకే వినబడనంతగా అన్నాను. పక్కన ముసలావిడ ఊరుకుందా? "బాబూ! ఈ అమ్మాయి ఇటు ఏమిటని అడుగుతోంది! అందరం అటే చూడాలా?" అని అరిచింది.

ఆయన చెయ్యి చాపింది చాపినట్టే ఉండిపోయింది. పాఠంలో అటు వైపు లేదక్కా. డ్రైవరు అద్దంలోంచి చూసి, ఏమనుకున్నాడో, బస్సు ఆపేశాడు. ఆ బస్సు అక్కడ ఎప్పుడూ ఆగదట.

ఆయన మైకు కిందికి దించారు.

"కోట రాళ్ళన్నీ అక్కడివే. ఖైదీలతో తవ్వించారు. తవ్వగా మిగిలింది ఆ గొయ్యి" అన్నారు. తరవాత, "ఇప్పుడు హోటళ్ళ దుప్పట్లు అక్కడ ఉతుకుతారు. మా అమ్మ అక్కడే ఉతికేది. నేను ఆ మెట్ల మీదే పెరిగాను" అన్నారు.

అది బస్సు గొంతు కాదు. ఇంట్లో "టీ" అనే గొంతు. ఆ గొంతుకు అన్ని మాటలు వస్తాయని నాకు తెలియదు. అంతమందిలో, నన్ను చూస్తూ చెప్పారు.

కింద నుంచి ఒకావిడ నడుం నిలబెట్టి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఒరే బుడతా! నీ బండి ఇక్కడ ఆగిందేమిట్రా, చక్రం ఊడిందా?" అని కేకేసింది.

"లేదత్తా! మా ఆవిడ చూస్తానంది!" అన్నారు ఈయన.

"ఇన్నాళ్ళకా! మీ అమ్మ ఉంటే ఈ తడిదుప్పటితో కొట్టేది నిన్ను!"

బస్సంతా నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ముసలావిడ నా చేతిలో ఒక అరటిపండు పెట్టింది, ఎందుకో.

అక్కా, "కోటలో పనిచేసిన కుటుంబం" అన్నావు కదా. ఆయన అన్నది "కోట దగ్గర" అనట, ఆ రాత్రి చెప్పారు. నీకు వినబడింది "కోటలో". "మీ అక్క మొహం వెలిగిపోయింది, ఇక దిద్దడానికి ధైర్యం రాలేదు" అన్నారు. ఆ రోడ్డున నన్ను తీసుకుపోతే ఆ అత్త కేకేస్తుంది, అప్పుడు నీకు తెలిసిపోతుంది, నువ్వు నన్ను వెనక్కి తీసుకుపోతావు. ఇదీ ఆయన భయం. సీట్లు నిండడం కాదు, రద్దీ కాదు. నేనేమో నీ మాట పోకూడదని నీకు అబద్ధం రాస్తున్నాను. నీ ఒక్కదానికి భయపడి ఇద్దరం ఒకే గదిలో చెరో గోడకూ తిరిగి కూర్చున్నాం.

మిగతావన్నీ చూశాను. లవంగాల తోట నేను అనుకున్నంత పెద్దది కాదు. జైలు కిటికీ ఊచల మీద చిన్న మొక్క మొలిచింది, అది పాఠంలో లేదు. ఏడు నీలాలు లేవు. నేను ఐదు వరకూ చూశాను, ఆ తరవాత కళ్ళు నీళ్ళతో మసకబారాయి.

తిరిగి వచ్చేటప్పుడు పాఠం ఉండదు. ఎండకు అందరూ నిద్రపోతారు. ఆయన మామూలుగా ఇంజను పక్క బల్ల మీద వెనక్కి తిరిగి కూర్చుంటారట. ఆ రోజు వెనక వరసకు వచ్చి నా పక్కన కూర్చున్నారు. ముందుకు చూస్తూ, "ఈ రోడ్డు ఇలా ఎదురొస్తుందా!" అన్నారు. ఇన్నేళ్ళూ ఆయన వెళ్ళిపోయేదే చూశారక్కా. వచ్చేది ఎప్పుడూ వీపు వెనకే ఉంది.

దళపతి భార్య గురించి అడిగాను. "అలాంటావిడ లేనే లేదు. కోట దగ్గర జనం ఆవులిస్తున్నారని మా ముసలి గైడు పుట్టించాడు" అన్నారు. పిన్నికి ఈ సంగతి చెప్పకు, ఏడ్చిన ఏడుపు వృథా అవుతుంది. నాకు మాత్రం ఆవిడ మీద జాలి పోలేదు. లేకపోయినా అంత దూరం నడిచింది పాపం.

మర్నాడు పొద్దున గడ్డానికి సగం సబ్బు పూసుకుని, అద్దం వదిలి నా వైపు తిరిగి పాఠం మొదలుపెట్టారు. కోట ఎడమకు వచ్చింది. గొయ్యి దగ్గర రెండో చెయ్యి కూడా చాపారు. అయ్యాక "టీ" అన్నారు. ఒక్కరోజులో మారిపోతే ఆయన ఎలా అవుతారు? సాయంత్రం ఇప్పటికీ బొంగురు గొంతుతోనే వస్తున్నారు. కానీ మెట్లెక్కుతూ "గొయ్యి దగ్గర ఇవాళ ఒకడు ఏమడిగాడో తెలుసా" అని అక్కడి నుంచే మొదలుపెడుతున్నారు.

నాకు ఇంకా కాళ్ళు నిలవడం లేదు. ఇప్పుడు గోడ నుంచి గోడకు కాదు. మొన్న ఒక్కదాన్నే నడిచి గొయ్యి దగ్గరికి వెళ్ళాను. ఆ అత్త ఏమీ అడగలేదు, దుప్పటి కొస నా చేతిలో పెట్టి "పిండు" అంది.

గుడ్డ సరిచేశాను, తోట, జైలు, దీపస్తంభం పక్కలు మార్చాను. కుడిపక్క కోట విప్పి, ఆ దారంతోనే ఎడమపక్క కట్టాను. విప్పిన చోట సూది కన్నాలు అలాగే మిగిలాయి. వాటి మీద ఇంకేమీ కుట్టలేదు. అక్కడ ఉండవలసింది అదే.

వానలకు ముందే రా. బస్సులో కుడిపక్క కూర్చోబెడతాను. అందరి తలలూ అటు తిరిగినప్పుడు నువ్వు ఇటు చూడు, మా అత్తగారి మెట్లు చూపిస్తాను. ఆయనతో "కోటలో" అన్నావో, ఊరుకోను. ఇప్పుడు నాకు నోరుంది.

పెట్టె సర్దలేదు. తిరుగు టికెట్టు ఒక్కటే కొనుక్కో.

నీ అత్తిపత్తి